మీరు పెట్టుకున్న లాయరు ఎవరి లాయరు?

ఇల్లో, స్థలమో కొనేటప్పుడు న్యాయవాదిని ఎలా ఎంచుకోవాలి, ఆయనతో ఏ పని ఎలా చేయించుకోవాలి అని అడుగుతూ తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు, సర్వే నంబర్లు తొలగించాం.

ప్రశ్న: తిరుపతి రూరల్ మండలంలో అవిలాల వైపు 50 అంకణాల ఇంటి స్థలం చూశాను. ధర కుదిరింది. బ్యాంకు రుణం తీసుకుంటున్నాను కాబట్టి పత్రాలన్నీ బ్యాంకు లాయరే చూస్తారని, వేరే లాయరుకు ఫీజు ఇవ్వడం దండగని మధ్యవర్తి అంటున్నాడు. ఈ వారంలోనే అడ్వాన్సు ఇవ్వమని తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎం.ఆర్.పల్లె, తిరుపతి

జవాబు: అడ్వాన్సు ఇవ్వకముందే, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న న్యాయవాదికి పత్రాలు చూపించండి. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది పత్రాలు చూసేది బ్యాంకు కోసం. రేపు వాయిదాలు ఆగిపోతే ఈ ఆస్తిని అమ్మి బాకీ రాబట్టుకోగలమా అన్నంత వరకే బ్యాంకుకు ఆసక్తి ఉంటుంది. ఇంటికి దారి సరిగా ఉందా, పక్కవారితో గట్టు తగాదా ఉందా, పదేళ్ల తర్వాత మీ పిల్లలు అమ్ముకోగలరా అన్నవి ఆయనను అడిగిన ప్రశ్నలు కావు. ఆయన ఇచ్చే ఒపీనియన్, అంటే హక్కు మీద రాసిచ్చే అభిప్రాయం, బ్యాంకు ఫైల్లోకి వెళ్తుంది. అందులో పొరపాటు దొర్లి, హక్కు మీద దావా పడినా, మీ నెలవారీ వాయిదా మాత్రం ఆగదు. పైగా బ్యాంకులు సాధారణంగా అగ్రిమెంటు చేతికి వచ్చాకే పత్రాలను ప్యానెల్ న్యాయవాదికి పంపుతాయి. అంటే ఆయన లోపం పట్టుకున్నా, అప్పటికే మీ అడ్వాన్సు అమ్మేవారి చేతిలో ఉంటుంది.

ఇక్కడ చాలామంది గుర్తించని విషయం ఒకటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. అమ్మేవారికి ఆ ఆస్తి మీద హక్కు ఉందని ఆయన హామీ ఇవ్వరు. ‘రిజిస్ట్రేషన్ అయిపోయిందండీ, ఇంకేం భయం’ అనే మాటకు చట్టంలో ఆధారం లేదు. హక్కుకే ప్రభుత్వం పూచీ ఉండాలన్న ఉద్దేశంతో మన రాష్ట్రంలో తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం 2024లో రద్దయింది. కాబట్టి హక్కును తవ్వి చూసుకోవలసిన బాధ్యత నేటికీ కొనేవారిదే, ఆ తవ్వే పని న్యాయవాదిది.

ఆయన ఏమేం చూడాలో మీకు తెలిసి ఉంటే, చూశారో లేదో అడగగలుగుతారు. మొదట ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో దొరికే ఈసీ 1983 నుంచి మొదలవుతుంది. అంతకు ముందు సంగతులకు కార్యాలయంలో పాత ఇండెక్సులు వెతికించాలి. ఈసీ ఖాళీగా ఉంటే ఆస్తి శుభ్రంగా ఉన్నట్టు కాదు. వీలునామా రిజిస్టరు చేసినా అది వీలునామాలకు వేరుగా ఉంచే మూడో పుస్తకంలోకి వెళ్తుంది, ఈసీలో కనపడదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు కనపడదు. కోర్టులో నడుస్తున్న దావా కనపడదు. అసలు పత్రాలు బ్యాంకులో కుదువపెట్టి, ఆ మెమొరాండం రిజిస్టరు చేయించకపోతే ఆ అప్పూ కనపడదు. అందుకే జిరాక్సు కాపీలతో సరిపెట్టకుండా, మూల దస్తావేజుతో సహా లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజుల) అసళ్లను న్యాయవాది కళ్లారా చూడాలి. ‘అసలు పోయింది’ అని అమ్మేవారు అంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సర్టిఫైడ్ కాపీ వరకు వెళ్లాలి. పోయిందన్న పత్రం ఏ బ్యాంకు లాకర్లోనో భద్రంగా ఉండవచ్చు.

రెండోది, మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు. తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, చెరువు పోరంబోకులు, డీకేటీ (ప్రభుత్వం ఇచ్చిన) పట్టా భూములు సొంత పట్టా భూములతో కలిసిపోయి ఉంటాయి. సర్వే నంబరు ఒకటే అయినా సబ్ డివిజన్ మారితే భూమి స్వభావమే మారిపోవచ్చు. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములను రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పెడతారు. మీ నంబరు ఆ జాబితాలో ఉందా అని చూడటం మొదటి మెట్టు మాత్రమే. జాబితాలో లేనంత మాత్రాన అది పట్టా భూమి అయిపోదు. పాత సెటిల్‌మెంట్ రికార్డులో ఆ భూమిని ఏమని రాశారో న్యాయవాది చూడాలి. డీకేటీ పట్టా అని తేలితే, భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే 1977 నాటి చట్టం అడ్డం వస్తుంది. ఆ చట్టానికి తర్వాత కొన్ని సడలింపులు వచ్చిన మాట నిజమే, కానీ అవి పట్టా ఇచ్చిన తేదీని బట్టి, మొదట పొందినవారెవరన్నదాన్ని బట్టి మారుతాయి. ‘ఇప్పుడు డీకేటీలు కూడా రిజిస్టరవుతున్నాయి’ అనే టీకొట్టు సమాచారాన్ని నమ్మి లక్షలు పోయకండి.

మూడోది హద్దులు. దీన్ని చాలా ఒపీనియన్లు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, నా దృష్టిలో అదే పెద్ద లోపం. పాత దస్తావేజులోని చెక్కుబందీని (నాలుగు హద్దుల వివరాన్ని), కొత్త దస్తావేజులోని చెక్కుబందీని పక్కపక్కన పెట్టి చదవాలి. 1988 దస్తావేజులో ‘తూర్పు: 20 అడుగుల దారి’ అని ఉండి, 2009 దస్తావేజుకు వచ్చేసరికి ‘తూర్పు: ఫలానావారి స్థలం’ అని మారితే, మధ్యలో ఆ దారి ఏమైందో చెప్పగలవారు ఎవరూ ఉండరు, మీ ఇంటికి వెళ్లే దారి మాత్రం పోతుంది. కొలతలూ అంతే. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులని లెక్క, నెల్లూరు వైపు 72. పాత నెల్లూరు జిల్లా మండలాలు కొన్ని 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి, దస్తావేజులో అంకణాలతో పాటు చదరపు గజాలు తప్పక రాయించండి. మీ 50 అంకణాలు 200 గజాలు కావాలి. లింకు డాక్యుమెంట్లలో ‘చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా’ అని ఉంటే కంగారుపడనక్కరలేదు, ఒకప్పుడు అదే సరైన చిరునామా.

ఆ లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, మీ ప్లాటు నంబరు ఆమోదించిన ప్లానులో ఉందా, లేక పార్కుకో రోడ్డుకో వదిలిన భాగంలో ఉందా అన్నది కూడా ఆయనే చూసి చెప్పాలి. ఇదంతా ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని కాదు. అంతవరకు ఆగలేని మధ్యవర్తి తొందర ఆయన కమీషన్ కోసమే గాని మీ కోసం కాదు.

ప్రశ్న: మాకు తెలిసిన డాక్యుమెంట్ రైటర్ చాలా ఏళ్లుగా రిజిస్ట్రేషన్లు చేయిస్తున్నారు. ఆయన ఉండగా లాయరు అవసరమా? అవసరమైతే మంచి లాయరును ఎలా గుర్తుపట్టాలి? ఫీజు ఆస్తి విలువలో ఇంత శాతం అని అడుగుతున్నారు, అది న్యాయమేనా?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: డాక్యుమెంట్ రైటర్ చేయవలసిన పనిని తక్కువ చేయనక్కరలేదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం లెక్క కట్టడంలో, స్లాటు తీసుకోవడంలో, సాక్షులను, ఫోటోలను, ఆధార్లను సిద్ధం చేయించడంలో వారికున్న ఒడుపు చాలామంది న్యాయవాదులకు ఉండదు. కానీ అమ్మేవారికి హక్కు ఉందా లేదా అని చెప్పే బాధ్యత వారిది కాదు. మీరు చెప్పిన వివరాలను దస్తావేజు రూపంలో పెట్టడం వారి పని. హక్కు తేల్చుకున్నాక రైటర్ దగ్గరకు వెళ్లండి, రాసిన ముసాయిదాను సంతకాలకు ముందు మళ్లీ న్యాయవాదికి చూపించండి.

న్యాయవాదులు ప్రకటనలతో కక్షిదారులను పిలవకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి బోర్డుల సైజు, వీడియోల సంఖ్య చూసి ఎంచుకోకండి. సివిల్ వైపు, ముఖ్యంగా భాగపంపకాల దావాలు, హక్కు ప్రకటన దావాలు నడిపినవారిని వెతకండి. పత్రం ఎక్కడ విరుగుతుందో కోర్టులో విరిగిన పత్రాలు చూసినవారికే తెలుస్తుంది. కలిసినప్పుడు సూటిగా అడగవలసిన ప్రశ్నలు రెండు. అమ్మేవారికి గాని, ఆ మధ్యవర్తికి గాని, ఆ బిల్డరుకు గాని మీరు పని చేస్తున్నారా? ఈ మధ్య కాలంలో ఎవరికైనా ‘ఈ ఆస్తి కొనొద్దు’ అని చెప్పారా? మొదటిదానికి నీళ్లు నమిలినా, రెండోదానికి ఒక్క ఉదాహరణ కూడా చెప్పలేకపోయినా మర్యాదగా లేచి రండి. మధ్యవర్తి స్వయంగా వెంటపెట్టుకుని తీసుకెళ్లిన న్యాయవాది ఎంత మంచివారైనా సరే, ఈ ఒక్క పనికి వద్దు.

ఫీజు గురించి: వ్యాజ్యంలో వచ్చే ఫలితం మీద వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఒపీనియన్‌కు శాతం అడగడం నేరుగా ఆ నిషేధం కిందికి రాకపోవచ్చు గాని, నాకు అది సబబుగా తోచదు. 30 లక్షల ఇంటికీ, 90 లక్షల ఇంటికీ లింకు డాక్యుమెంట్లు ఒకేలా ఉంటే పనీ ఒకటే. అంతేకాదు, బేరం కుదిరితేనే ఫీజు వచ్చే ఏర్పాటులో ‘కొనొద్దు’ అనే సలహా రావడం కష్టం. కొన్నా మానుకున్నా ఇచ్చే ఒకే మొత్తం మాట్లాడుకోండి. ఆ మొత్తంలో ఏవేవి వస్తాయో, అంటే ఈసీ వెతుకులాట, రెవెన్యూ రికార్డులు, కోర్టు కేసుల వెతుకులాట, అగ్రిమెంటు ముసాయిదా, రిజిస్ట్రేషన్ రోజు హాజరు, వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకోండి. ఒపీనియన్ కూడా సంతకంతో కాగితం మీద ఉండాలి. నోటిమాటగా ‘ఏం ఫరవాలేదు, కొనుక్కోండి’ అన్నది ఒపీనియన్ కాదు.

ప్రశ్న: మేము కొనాలనుకున్న ఇల్లు అమ్మే ఆయన తండ్రి 1972లో సొంతంగా కొన్నది. తండ్రి వీలునామా రాయకుండా 1994లో చనిపోయారు. ఇద్దరు కొడుకులు 1998లో రిజిస్టర్డ్ భాగపరిష్కారం చేసుకున్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, వారి సంతకాలు అందులో లేవు. మా లాయరు ఆడపిల్లలు సంతకం పెట్టాలంటున్నారు. అమ్మేవారేమో ‘వాళ్లకు పెళ్లిళ్లు చేసి పంపేశాం, 2005 చట్టం రాకముందే భాగాలు అయిపోయాయి, మీ లాయరు లేనిపోని మెలికలు పెడుతున్నారు’ అంటున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక ఉద్యోగి, రేణిగుంట

జవాబు: మీ న్యాయవాది మాటే. ఆయనను వదులుకోకండి.

అమ్మేవారు రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది. 2005 సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపరిష్కారాలను ఆ సవరణ కదిలించదన్నదీ నిజమే. ఇంతవరకు అమ్మేవారు విన్నది సరైనదే. కానీ మీ ఇల్లు ఉమ్మడి ఆస్తి కాదు, తండ్రి స్వార్జితం. వీలునామా లేకుండా చనిపోయిన తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ, భార్యకూ, తండ్రి తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఇచ్చింది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. అంటే 1994లో తండ్రి కన్నుమూసిన రోజునే ఆడపిల్లలు వాటాదారులయ్యారు. వాటాదారులను పక్కనపెట్టి అన్నదమ్ములు రాసుకున్న పత్రం, రిజిస్టరైనా, వారిని కట్టిపడేయదు. తల్లి అప్పటికి బతికి ఉంటే ఆమె వాటా సంగతి కూడా అడగండి, మీ ఉత్తరంలో ఆవిడ ప్రస్తావనే లేదు.

పెళ్లికి పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన నగదు ఆస్తిలో హక్కు వదులుకున్నట్టు కాదు. వదులుకోవాలంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. అది లేదు కాబట్టి, రెండు దారులున్నాయి. ఆడపిల్లలు ముందుగా ఆ దస్తావేజు రాసివ్వడం ఒకటి. మీ విక్రయ దస్తావేజులోనే వారు కూడా అమ్మేవారిగా చేరి సంతకం పెట్టడం రెండోది. రెండోది నాకు మేలుగా తోస్తుంది. ‘సాక్షి సంతకం పెడతారు లెండి’ అని మధ్యవర్తులు ఒక మధ్యేమార్గం చూపిస్తుంటారు. ఒప్పుకోకండి. సాక్షిగా సంతకం పెట్టినవారు సంతకం జరగడం చూశారనే అర్థం, లోపల రాసినదంతా తెలిసి ఒప్పుకున్నారని కాదు.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించుకుని, అందులో పేర్లకూ దస్తావేజులో సంతకాలకూ లెక్క సరిపోయిందో లేదో చూడమని మీ న్యాయవాదిని కోరండి. ఆడపిల్లల్లో ఎవరైనా చనిపోయి ఉంటే ఆమె వారసులు చేరాలి. వారిలో మైనర్లుంటే వారి వాటాను కోర్టు అనుమతి లేకుండా సంరక్షకులు అమ్మకూడదు, అమ్మితే పిల్లలు మేజర్లయ్యాక ఆ అమ్మకాన్ని ఎదిరించవచ్చు. ఇవన్నీ తేలేవరకు అడ్వాన్సు ఇవ్వక తప్పదంటే, నగదు కాకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు. ‘వాటాదారులందరూ సంతకం చేయని పక్షంలో అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి’ అన్న షరతును, తేదీతో సహా, అగ్రిమెంటులో పెట్టించండి.

ప్రశ్న: బిల్డరు ఫ్లాటుకు అగ్రిమెంటు నమూనా ఇచ్చి, అందరికీ ఇదే, మార్చడం కుదరదంటున్నాడు. లాయరుకు చూపించి ప్రయోజనం ఉందా?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: ఉంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించి గాని కట్టే ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ రెండు నిబంధనలనూ బిల్డరు నమూనా మార్చజాలదు. స్థల యజమాని, బిల్డరు మధ్య జరిగిన డెవలప్‌మెంట్ ఒప్పందంలో మీ ఫ్లాటు ఎవరి వాటాలో పడిందో మీ న్యాయవాదిని ప్రత్యేకంగా చూడమనండి. అమ్మే హక్కు లేనివారి దగ్గర కొన్నవారే ఈ తరహా కేసుల్లో ఎక్కువగా కనిపిస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ అక్కడ ఫ్లాటు కొంటున్నాడు. డిపాజిట్‌కు నేను కొంత పంపుతున్నాను. వాడి సొలిసిటరు (అక్కడి లాయరు) నా బ్యాంకు స్టేట్‌మెంట్లు, నేను పొలం అమ్మిన దస్తావేజు, ఇది బహుమతి మాత్రమేనని ఉత్తరం అడుగుతున్నారు. ఇంత వయసులో నన్ను దొంగలా చూస్తున్నట్టు ఉంది. ఇదంతా అవసరమా? ఆ సొలిసిటరును ఏజెంటే సూచించాడట, ఫరవాలేదా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అవమానం అనుకోకండి, అది ఆయన మీద ఉన్న చట్టబద్ధమైన బాధ్యత. మనీ లాండరింగ్‌ను అరికట్టే అక్కడి 2017 నిబంధనల ప్రకారం ఇల్లు కొనే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటరు తెలుసుకోవాలి. పైగా అక్కడ ఒకే సొలిసిటరు కొనేవారికీ, రుణమిచ్చే బ్యాంకుకూ పనిచేయడం మామూలే. తండ్రి ఇచ్చిన డబ్బు రేపు అప్పుగా తేలితే బ్యాంకుకు ఇబ్బంది కాబట్టి, తిరిగి ఇవ్వనక్కరలేదని, ఇంట్లో మీకు వాటా లేదని రాతపూర్వకంగా అడుగుతారు. మీ దస్తావేజు తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయండి. అసలు తలనొప్పి, పొలం ధరలో కొంత నగదుగా తీసుకుని ఉంటే వస్తుంది. దస్తావేజులో లేని ఆ డబ్బుకు అక్కడ మీరు చూపించగల కాగితం ఉండదు.

ఇక్కడి నుంచి పంపడానికి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. బ్యాంకులో ఫారం ఏ2, పాన్ ఇవ్వాలి. పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేసినప్పుడు దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. ప్రేమకొద్దీ మీ పేరు కూడా ఆ ఇంటి పత్రాల్లో చేర్చించుకోవద్దు. మీకు చిత్తూరులో ఇల్లుంటే, ప్రపంచంలో ఎక్కడున్నా ఇల్లు ఇల్లే అని లెక్కగట్టి అక్కడ స్టాంపు డ్యూటీకి అదనంగా 5 శాతం వేయవచ్చు.

ఏజెంటు సూచించిన సొలిసిటరునే పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. సూచించినందుకు ఏజెంటుకు డబ్బు ముడుతూ ఉంటే ఆ సంగతి వెల్లడించాలి. మీ అబ్బాయి ఆ ప్రశ్న ఏజెంటునూ, సొలిసిటరునూ అడగాలి. సొలిసిటరు పేరు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టరులో, లైసెన్స్‌డ్ కన్వేయన్సరు (ఆస్తి బదిలీ పనులు మాత్రమే చేసే నిపుణుడు) అయితే వారి కౌన్సిల్ రిజిస్టరులో ఉందో లేదో చూసుకోవచ్చు. మనకూ వారికీ పెద్ద తేడా ఏమిటంటే, అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన హక్కుకు ప్రభుత్వ పూచీ ఉంటుంది కనుక యాభై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తవ్వే పని చాలావరకు ఉండదు. దాని బదులు స్థానిక సంస్థల రికార్డుల్లో వెతుకులాట (సర్చులు), ఫ్లాటు అయితే లీజు ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో, ఏటా సర్వీసు చార్జీ ఎంతో చూస్తారు. గోడలు, పైకప్పు చూడటం మాత్రం సొలిసిటరు పని కాదు, సర్వేయరుది. సంతకం చేసిన ఒప్పంద ప్రతులను ఒకరితో ఒకరు మార్చుకునేవరకు ఇరుపక్షాల్లో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. మార్చుకున్నాక కొనేవారు తగ్గితే సాధారణంగా 10 శాతం ఉండే డిపాజిట్ పోగొట్టుకోవలసి వస్తుంది. ఇంకొకటి, డబ్బు పంపే ముందు బ్యాంకు ఖాతా మారిందంటూ ఈమెయిలు వస్తే నమ్మవద్దని అబ్బాయికి చెప్పండి. మొదటి రోజు ఇచ్చిన ఫోను నంబరుకే చేసి, మనిషి గొంతు విని, ఖాతా నంబరు సరిచూసుకున్నాకే పంపాలి.

ప్రశ్న: ఒపీనియన్ కోసం ఇచ్చిన అసలు దస్తావేజులను ఫీజు తగాదా వల్ల లాయరు తిరిగి ఇవ్వడం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: వెళ్లి లాభం లేదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే నెలలో తీర్పు చెప్పింది. కానీ ఫీజు బాకీ ఉందన్న కారణంతో కక్షిదారు కాగితాలు పట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని అదే కోర్టు 2000లోనే తేల్చింది. ఆ సంగతి పేర్కొంటూ, ఏయే పత్రాలు ఇచ్చారో తేదీలతో రాసి, స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. స్పందన లేకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు నిజంగా బాకీ ఉంటే దాన్ని చెల్లించి రసీదు తీసుకోండి, ఫిర్యాదుకు అది అడ్డం కాదు. కొత్తగా న్యాయవాది దగ్గరకు వెళ్లేవారు అసళ్లను చూపించి వెంటనే తెచ్చుకుని, ఆయన దగ్గర నకళ్లు మాత్రం ఉంచాలి. అసళ్లు వదిలిరావడం తప్పనిసరైతే పత్రాల జాబితా మీద ఆయన సంతకం తీసుకోవాలి.